ఊరు రాసే గడి

సైగర్ దీవి, టోరెస్ జలసంధి
ఫిబ్రవరి 9

దమారిస్‌కు తాత రాసేది.

రాయి వచ్చింది. కెయిన్స్ నుంచి సరుకుల పడవలో, చెక్కపెట్టెలో వచ్చింది. నల్లరాయి. మీ నాన్నమ్మ పేరు తప్పు లేకుండా చెక్కారు. దుప్పటి కప్పి చర్చి వెనక షెడ్డులో పెట్టించాను. జూలై చివరి శనివారం సమాధి మీద నిలబెట్టి ముసుగు తీయడం. పాదిరిగారితో చెప్పాను, ఆదివారం మైకులో కూడా చెప్పించాను. కాబట్టి ఇక మారదు.

ముసుగు తీయాల్సింది అవతలి ఒడ్డున ఉన్న నా బావమరిది. మీ నాన్నమ్మ ఆఖరి రోజుల్లో నన్నడిగింది ఒక్కటే. "నా తమ్ముడు రాకుండా గుడ్డ తీయనివ్వకు" అంది. సరే అన్నాను. అది జరిగేదాకా ఆమె ఇంటికీ గోరీకీ మధ్య నిలబడి ఉన్నట్టే లెక్క.

వాడికి పాస్ కాగితం కావాలి. నీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, మీ చదువు పెద్దలకు చూపించుకో. పాపువా ఒడ్డు నుంచి ఎవరు ఆచారం పని మీద వచ్చినా, 'ఈ మనిషి నాకు తెలుసు, ఫలానా ఊరివాడు' అని ఇక్కడి పెద్ద ముందే సంతకం పెట్టాలి. పంతొమ్మిదేళ్లుగా ఆ సంతకం నాదే. ఇబ్బందల్లా పేరు గడితో. బావమరిది పేరు నా నోటా రాదు, నా చేతా రాదు, మన పద్ధతి అంతే. మీ నాన్నమ్మ నింపేది. ఆమె పోయాక పోయినేడు నర్సు చేత రాయించాను, తప్పు రాసింది. ఈసారి నువ్వు నింపి పంపు.

నీకు డబ్బిచ్చి మరీ ఈ రెండు దేశాల మధ్య సంగతులు చదివిస్తున్నారని మీ నాన్న చెప్పాడు. పడవలో అరగంట దారి. దానికి రెండేళ్ల చదువా? నన్నడిగితే ఒక పూటలో చెప్పేవాణ్ణి.

ఫోన్ చెయ్యకు. నాకు వినపడదు, నువ్వు అరుస్తావు, పక్కింటివాళ్లు వింటారు.

ఓబేద్ వగాయ్


బ్రిస్బేన్
మార్చి 2

తాతా,

రాయి క్షేమంగా వచ్చినందుకు సంతోషం. నువ్వు ఒక పూటలో చెప్పేదాన్ని నేను రెండేళ్లు చదువుతున్న మాట నిజమే. పొరుగు దేశాల సరిహద్దు సమస్యల మీద పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్ ఇది. ఇటువైపు ముగ్గురం, అటువైపు ముగ్గురు. కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు పోర్ట్ మోర్స్‌బీలో. నా విషయం ఆ పాసులే. కాగితం ఏం చెబుతోంది, మనిషి ఏం చేస్తున్నాడు అని చూడటం.

డిసెంబరులో డారూ పట్నంలో నాన్నమ్మ తమ్ముణ్ణి, అదే గమియా తాతను, కలిశాను. ఆయన కూతురు సెబా అత్త ఇంటి వరండాలో కూర్చోబెట్టి పొగబెట్టిన చేప తినిపించాడు. పరిశోధనకు ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం ఉంటుంది. నేను చదివి వినిపిస్తూ ఉంటే సగంలోనే, "వేలు ఎక్కడ వెయ్యాలి తల్లీ?" అన్నాడు. రెండు గంటలు మాట్లాడాడు. నీ గురించి కూడా చెప్పాడు. "మీ తాత పడవ నడుపుతుంటే చేపలు పైకి వచ్చి చూస్తాయి" అన్నాడు.

పాస్ కాగితం పంపుతున్నాను. పేరు నింపాను. ఊరి గడి నువ్వే చూసుకో తాతా.

దమారిస్


సైగర్ దీవి
ఏప్రిల్ 6

దమారిస్‌కు,

పేరు గడి నింపి ఊరి గడి వదిలేశావు. నీకు ఊరు తెలియదా? కవారు. నేనే రాశాను.

రాసిన నాలుగో రోజున సరిహద్దు ఆఫీసరు బ్రెట్ వచ్చాడు. కొత్తవాడు, దక్షిణాన చలి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లాడు, ముక్కు ఎండకు ఊడిపోతూ ఉంటుంది. మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"ఓబేద్ గారూ, ఈయనది ఏ ఊరు?"

"కవారు. రాశాను కదా."

"కవారులో ఈయన ఇల్లెక్కడ?"

"వాగు పక్కన."

"ఆ ఇల్లు ఇప్పుడుందా?"

"నువ్వు ఇంటికి పాస్ ఇస్తావా, మనిషికి ఇస్తావా? వాడి బొడ్డుతాడు అక్కడ పాతారు. వాడి అమ్మా అయ్యా అక్కడ పడుకున్నారు. వాడి కొబ్బరిచెట్లు అక్కడ కాస్తున్నాయి."

"మరి ఆయన ఎక్కడ పడుకుంటున్నారు?"

"పడుకునేవాణ్ణి అడుగు."

అప్పుడు చెప్పాడు. రెండు దేశాల ఒప్పందంలో కవారు ఉందట, డారూ లేదట. కవారువాడికి నా సంతకం చాలు. డారూవాడికి పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి. ఇది నాకు చెబుతున్నాడు. ఆ ఒప్పందం రాసినప్పుడు వీడింకా పుట్టలేదు, నేను ఆ బల్ల దగ్గర టీలు అందించాను.

అతని చేతిలో గళ్లు గీసిన కాగితం ఉంది. అందులో 'సైగర్, ప్రతి జూలై, పాసులో కవారు, నివాసం డారూ, పదకొండేళ్లుగా' అని ఉంది. పేరు లేదు. పేరెందుకు? ప్రతి జూలైలో ఇక్కడికి వచ్చే కవారువాడు ఒక్కడే.

అది ఎవరు రాశారో చెప్పనన్నాడు. ఎవడో మన చాప మీద కూర్చుని తిన్నవాడే. నీ చదువు మనుషులకు తెలుస్తుంది కదా, కనుక్కుని రాయి.

తాత


బ్రిస్బేన్
ఏప్రిల్ 20

తాతగారికి,

ఆ కాగితం నేను రాసిందే.

ఆరు నెలలకోసారి ఫెలోషిప్ కమిటీకి నివేదిక ఇవ్వాలి. పాసులో రాసిన ఊరు ఒక గడిలో, మనిషి నిజంగా ఉంటున్న ఊరు ఒక గడిలో పెట్టి పట్టిక వేశాను. నలభై మంది సంగతి. పేర్లు రాయకపోతే చాలనుకున్నాను. కమిటీలో సరిహద్దు శాఖ మనిషి ఒకరు కూర్చుంటారని తెలుసు. ఆ పట్టిక అక్కడి నుంచి మీ మెట్ల దాకా వస్తుందని ఆలోచించలేదు. ఊరి గడి ఖాళీగా వదిలినప్పుడే నాకు భయం వేసింది. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు.

గమియా తాతగారు గాని, మీరు గాని కోరితే పట్టికలో ఆ వరుసను వెనక్కి తీసుకోవచ్చు. తీసుకుంటే రెండో ఏడాది ఫెలోషిప్ ఉంటుందో ఉండదో తెలియదు. అది మీరు పట్టించుకోవద్దు. మీరు చెప్పినట్టు చేస్తాను.

దమారిస్


సైగర్ దీవి
మే 3

దమారిస్‌కు,

ఉత్తరం అందింది.

మీరు అని రాశావు. నేనేమన్నా ఆఫీసరునా?

ఇప్పుడు ఇంతకంటే రాయను.


సైగర్ దీవి
జూన్ 1

దమారిస్‌కు తాత రాసేది.

నెల రోజులు ఆగాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ వరుస తీయకు. నువ్వు రాసింది నిజం. నిజం రాసి చెరిపేయడం మన ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

నువ్వు చేసిన తప్పు వేరే ఉంది. నువ్వు చదువు మనిషిగా అడిగావు, వాడు తాతగా చెప్పాడు. కాగితం చదివి వినిపించానంటావు. మనవరాలు చదువుతుంటే ఎవడు వింటాడు? ఎంత బాగా చదువుతోందో అని మొహం చూస్తాడు. వాడు వేలు వేసింది నీకు, నీ కమిటీకి కాదు. ఆ సంగతి మీ విశ్వవిద్యాలయంలో ఎవరికీ తెలియకపోవచ్చు. నీకు తెలిసి ఉండాలి.

ఇంకొకటి. నీ పట్టిక కింద 'ఒక దీవి పెద్ద సంతకం చేస్తున్నారు' అని రాశావట. బ్రెట్ చదివి వినిపించాడు. ఒక పెద్ద ఏమిటి? నాకు పేరు లేదా? దొంగతనం చేసినవాడి పేరు దాస్తారు. నేను సంతకం పెట్టాను, కనిపించేలా పెట్టాను. ఓబేద్ వగాయ్ అని రాయి.

నేనే బ్రెట్ ఆఫీసుకు వెళ్లాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. "పదకొండు కాగితాలు. పదకొండూ నేనే పెట్టాను. వాడు డారూలో ఉంటున్నాడని తెలిసే పెట్టాను. వాడికి చదవడం రాదు, వాణ్ణి ఏమీ అనకు" అన్నాను. అతను కాసేపు పెన్ను తిప్పాడు. "మీరు చెప్పకపోయినా నేను పెద్దగా అడిగేవాణ్ణి కాదు" అన్నాడు. "అడగవని తెలుసు. అందుకే చెప్పాను" అన్నాను.

సంతకం నా దగ్గర నుంచి తీసేశారు. దీవి కౌన్సిల్లో అందరికంటే చిన్నదైన నవోమికి ఇచ్చారు. సాయంత్రం రిజిస్టరు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, "బాబాయ్, నాకొద్దు ఇది" అని ఏడ్చింది. పట్టుకోమన్నాను. ముందుగా అబద్ధపు ఊరు రాయనని ఆమె చేత ఒట్టు పెట్టించాను.

కాబట్టి జూలైలో వాడు రాలేడు.

తాత


బ్రిస్బేన్
జూన్ 15

తాతా,

నువ్వు రాసింది మా ప్రొఫెసరుకు చదివి వినిపించాను, మనవరాలు చదివితే ఎవడు వింటాడన్న మాటతో సహా. ఆ మాట ఇంకోసారి చదవమంది. పేరు రాయడానికి మా ఇక్కడి నియమాలు ఒప్పుకోవు. నువ్వు రాతపూర్వకంగా కోరితే ఒప్పుకునే దారి ఉందట. నీ ఉత్తరమే పంపించాను.

వీసా సంగతి చూశాను. దానికి పాస్‌పోర్టు ముందు కావాలి. పాస్‌పోర్టుకు పుట్టిన కాగితం కావాలి. గమియా తాత పుట్టినప్పుడు కవారులో కాగితమే లేదు. తర్వాత బ్యాంకు పుస్తకం అడుగుతారు. అది కూడా లేదు. మోర్స్‌బీలో అడిగితే పద్నాలుగు నెలలన్నారు, అదీ నమ్మకం లేకుండా.

సెబా అత్త కొడుకులు ఇద్దరు కవారులోనే ఉన్నారు కదా. వాళ్లలో ఒకరు వచ్చి ముసుగు తీస్తే? అది కూడా నాన్నమ్మ పుట్టింటి చెయ్యే.

దమారిస్


సైగర్ దీవి
ఆగస్టు 20

దమారిస్‌కు,

పుట్టింటి చేతులు చాలా ఉన్నాయి. ఆమె అడిగింది తమ్ముడి చెయ్యి. వాయిదా వేశాను. రాయి షెడ్డులోనే ఉంది. మైకులో చెప్పింది మైకులోనే వెనక్కి తీసుకున్నాను, పాదిరిగారు చెబుతానన్నా నేనే చెప్పాను. టౌన్స్‌విల్ నుంచి టికెట్లు కొనుక్కున్నవాళ్లు తిట్టారు. తిట్టనిచ్చాను.

తర్వాత కవారు వెళ్లాను. మనం అటు వెళ్లడానికి వాళ్ల పెద్ద సంతకం చాలు. పడవలో నాలుగు దూలాలు, రేకులు, ఒక డబ్బా మేకులు వేసుకున్నాను. బావమరిదికి కబురు పెడితే డారూ నుంచి వచ్చాడు. వాగు పక్కన వాడి పాత ఇంటి చోట నిలబెట్టి అడిగాను.

"ఏమోయ్, నీకు కొంప లేదా?"

"ఉంది కదా, డారూలో."

"అది నీ కూతురిది. నీది ఏది?"

వాడు గడ్డి కాలితో తొక్కి చూశాడు. "ఇక్కడ బావిలో ఉప్పునీళ్లు వచ్చాయని కదా పోయాను."

"వాన నీళ్లు తాగు. మీ అక్క రాయి ముసుగు నువ్వు తీయాలి. దానికి నువ్వు కవారువాడివి కావాలి. కాగితం మీద కాదు, నిజంగా."

"అంటే నీ సంతకం నిజం చెయ్యడానికి నేను ఇక్కడ దోమలకు అన్నం పెట్టాలా?"

"నా సంతకం పోయింది. నవోమిది."

ఆ మాటకు వాడు నవ్వడం మానేశాడు. వాడికి ఎవరూ చెప్పలేదు. చొక్కా విప్పి చెట్టుకు తగిలించి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. డెబ్భై రెండేళ్లు. నాకు డెబ్భై ఆరు. ఊళ్లో కుర్రాళ్లు రెండు రోజులు చూసి, మూడో రోజు సిగ్గుపడి వచ్చి పట్టారు.

పని చేసినంతసేపూ తిట్టాడు. "ఈ మనిషికి గోడ నిటారుగా నిలబెట్టడం రాదని మా అక్కకు పెళ్లినాడే చెప్పాను" అని అందరికీ చెప్పాడు. గోడ నిటారుగానే ఉంది.

ఎన్నాళ్లుంటే ఊరివాడు అవుతాడని కవారు పెద్దను అడిగాను. ఒప్పందంలో రాయలేదట. బ్రెట్‌ను అడిగాను, అతనికీ తెలియదు. కవారు పెద్ద ఆలోచించి, "ఒక వానాకాలం అంతా ఇక్కడ తడవాలి. తడిస్తే ఊరివాడే, నేను రాసిస్తాను" అన్నాడు. బావమరిది సరేనన్నాడు.

తాత


డారూ
జనవరి 18

తాతా,

మోర్స్‌బీ పని ముగించుకుని మొన్న కవారు వెళ్లాను. ఈసారి కాగితం తీసుకెళ్లలేదు. పుస్తకం కూడా తీయలేదు. మూడు రోజులు గమియా తాతతో ఉన్నాను.

వాన ఆగడం లేదు. ఇంటికింద మోకాలి దాకా బురద. రేకుల మీద నుంచి పట్టిన నీళ్లు ఉన్నన్నాళ్లు బాగుంటుంది. మధ్యలో పది రోజులు వాన లేకపోతే బావినీళ్లే తాగాడట. బాగా చిక్కిపోయాడు. దగ్గుతున్నాడు. అడిగితే పొయ్యి పొగ అంటాడు.

ఇక్కడికి వచ్చాక సెబా అత్త నన్ను లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, "చదువుకున్నదానివి కదా, ఆ బావినీళ్లలో ఉప్పెంత ఉందో కొలిచి రాసుకున్నావా? మా నాన్న ఒంట్లో ఎముకలెన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టుకున్నావా?" అంది. తర్వాత లోపలికి పిలిచి సాగో రొట్టె పెట్టింది, అదీ నా వైపు చూడకుండా.

తాతా, ఆయన్ను డారూ వెళ్లిపొమ్మని నువ్వు చెప్పు. నువ్వు చెబితేనే వింటాడు. నాన్నమ్మ బతికి ఉంటే తమ్ముడు ఇలా ఉండటానికి ఒప్పుకునేది కాదు.

దమారిస్


సైగర్ దీవి
ఫిబ్రవరి 11

దమారిస్‌కు,

నీ ఉత్తరం వచ్చిన రోజే గాలి తగ్గింది. ఆరు డ్రమ్ముల మంచినీళ్లు పడవలో వేసుకున్నాను. ఒడ్డున బ్రెట్ ఆపాడు. ఆచారం ప్రకారం ఇచ్చిపుచ్చుకునే సరుకైతే పోవచ్చు, వ్యాపారం సరుకైతే పోకూడదు. నీళ్లు ఏ సరుకో అతని పుస్తకంలో లేదు.

"ఏముంది ఇందులో?"

"తాగి చూడు."

తాగాడు. "నీళ్లే" అన్నాడు.

"రాసుకో."

రాసుకున్నాడు. ఇప్పుడు పదిహేను రోజులకోసారి నేను వెళ్తే డ్రమ్ములు ఎత్తడానికి తనే చెయ్యి వేస్తున్నాడు.

బావమరిదితో చెప్పాను. నువ్వు రాసింది నిజమే, చిక్కాడు. "డారూ వెళ్లిపో. సెబా కొడుకు ముసుగు తీస్తాడు. మీ అక్కకు పైన నేను సమాధానం చెప్పుకుంటాను" అన్నాను. ఈ మాట అనడం నాకు సులువు కాలేదు. నేను ఇచ్చిన మాట అది.

వాడు నన్ను చూసి, "నువ్వు పైకే పోతావని నీకెవరు చెప్పారు బావా?" అన్నాడు. దగ్గి, ఉమ్మి, మళ్లీ అన్నాడు, "మా అక్క నన్ను ఈ వాగులో స్నానం చేయించేది. నేను ఇక్కడ ఉంటున్నది నీకోసమని అనుకుంటున్నావా? నీ నీళ్లు దించి పో."

దించి వచ్చాను.

తాత


బ్రిస్బేన్
జూలై 10

తాతా,

గమియా తాత పాస్ మీద సంతకం పెట్టానని నవోమి అత్త చెప్పింది. కవారు పెద్ద రాసిచ్చాడని, తను కూడా స్వయంగా వెళ్లి ఇల్లు చూసి వచ్చానని చెప్పింది.

ముసుగు తీసేది ఇరవై ఏడున. నా ఫెలోషిప్ చివరి సమావేశం ఇరవై ఆరున, కాన్‌బెర్రాలో. మార్చమని అడిగాను, కుదరదన్నారు. శుక్రవారం సాయంత్రం అక్కడ బయల్దేరితే శనివారానికి సైగర్ చేరే దారి లేదు. నేను సమావేశం మానేసి వస్తాను. డిగ్రీ ఎలాగూ ఇస్తారు, కమిటీ కోప్పడుతుంది అంతే.

దమారిస్


సైగర్ దీవి
జూలై 16

రావద్దు. ఆ గదిలో సరిహద్దు శాఖ మనిషి ఉంటాడు. అతని ముందు నిలబడి నా పేరు చెప్పు. పేరుతో పాటు వాగు పక్క ఇల్లు కూడా చెప్పు. ఇక్కడ గుడ్డ తీయడానికి మనిషి ఉన్నాడు. అక్కడ చెప్పడానికి నువ్వు తప్ప ఎవరూ లేరు.

తాత


సైగర్ దీవి
జూలై 30

దమారిస్‌కు తాత రాసేది.

అయిపోయింది. మనవరాలు ఏదని అడిగినవాళ్లకు నేనే పంపానని చెప్పాను.

వాడు శుక్రవారం మధ్యాహ్నం దిగాడు. కొత్త చొక్కా, వదులుగా ఉంది. బ్రెట్ అడిగాడు, "ఏ ఊరండీ?" అని. వాడు "కవారు" అన్నాడు, ఒడ్డున ఉన్నవాళ్లందరికీ వినపడేలా. అంత గట్టిగా అవసరం లేదు. బ్రెట్ ముద్ర వేశాడు, సోమవారం దాకా.

శనివారం ఉదయం రాతి మీద ఏడు గుడ్డలు కప్పి ఉన్నాయి, ఆడవాళ్లు ఒక్కో ఇంటి నుంచి ఒకటి తెచ్చారు. వాడు తొందరపడలేదు. ఒక్కోటి తీసి, మడత పెట్టి, పక్కనున్నవాళ్లకిచ్చాడు. ఒక్క గుడ్డ కూడా కింద పడనివ్వలేదు. ఆఖరిది తీశాక రాయి వంక చూస్తూ నిలబడ్డాడు. "అక్క పేరు ఎక్కడుంది?" అని మెల్లగా అడిగాడు. వాడి వేలు పట్టుకుని అక్షరాల మీద పెట్టాను. మొదటి నుంచి చివరి దాకా తడిమాడు. ఆ తర్వాతే పాట మొదలైంది.

భోజనాలు బాగా జరిగాయి. నేలలో తవ్విన మట్టిపొయ్యిలో మూడు పందులు, తాబేలు. నాట్యం పొద్దు గుంకేదాకా. వాడు కూడా రెండు అడుగులు వేసి దగ్గుతూ కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను.

"సోమవారం సెబా కవారుకు పడవ తెస్తోంది" అన్నాడు. "డారూ వెళ్లిపోతాను బావా. ఇంకో వాన అక్కడ నావల్ల కాదు."

"వెళ్లు. కానీ సోమవారం నుంచి నువ్వు డారూవాడివి. ఇక ఇక్కడికి రాలేవు. నన్ను పూడ్చేటప్పుడు కూడా రాలేవు."

వాడు ఎముక చీకి ఆకులో పెట్టాడు.

"అయితే సోమవారంలోపు చచ్చిపో బావా. పొయ్యి ఇంకా వేడిగానే ఉంది, చుట్టాలంతా ఇక్కడే ఉన్నారు. పూడ్చేసి వెళ్తాను."

"చూస్తాను" అన్నాను.

ఆదివారం పొద్దు గుంకేదాకా చూశాను. ఏమీ కాలేదు. కడుపు నిండా తిన్నాను కూడా. సోమవారం ఉదయం పోటు మీద వాడు పడవెక్కాడు.

ఓబేద్ వగాయ్